చెరువులో దిగిన పసుపుపచ్చ విమానం

తెనాలి హైస్కూల్లో నేను డ్రాయింగు మాస్టర్ని. యుద్ధం వచ్చాక మా పిల్లలకు మామిడిపండు గీయమంటే విమానం గీస్తున్నారు. రెక్క ఎక్కడ పెట్టాలో, తోక ఎంత ఉండాలో దిద్దవలసినవాణ్ణి నేనే. నేను మాత్రం పత్రికల్లో పడే మసక బొమ్మలు తప్ప విమానాన్ని చూసిన పాపాన పోలేదు. ఆకాశంలో చప్పుడైతే డాబా ఎక్కేవాణ్ణి. నేనెక్కేసరికి చప్పుడు కూడా మిగిలేది కాదు. మీరు మెట్లెక్కే వేగానికి విమానం ఏమిటి, గూడ్సుబండి కూడా ఆగదని మా ఆవిడ ఎగతాళి చేసేది.

అలాంటి రోజుల్లో హిందూపురం నుంచి మా బావమరిది ఉత్తరం రాశాడు. అతను అక్కడి స్టేషన్లో గూడ్సు గుమాస్తా. బెంగుళూరు పోయే మిలిటరీ విమానాలు దారి తప్పకుండా రైలుపట్టాల్ని చూసుకుంటూ పోతాయట. స్టేషను మీదికి వచ్చేసరికి నడిపేవాడి తల కూడా కనబడుతుందట. కండువా ఊపితే చెయ్యి ఊపుతాడట. సెలవులిచ్చిన మర్నాడే బొమ్మల పుస్తకం, రంగుల పెట్టె, గొడుగు పట్టుకుని బయలుదేరాను. తిరిగొచ్చాక అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పి నోరు నొప్పి పుట్టింది. అందుకని, ఆ వైపు వెళ్ళని వాళ్ళ కోసం ఇలా కాగితం మీద పెడుతున్నాను.

హిందూపురంలో గొడుగు పోయింది

రైలు దిగగానే బెల్లం, చింతపండు కలగలిసిన వాసన వేసింది. బజారంతా ఆ రెండే. పరిగి వైపు నుంచి వచ్చిన బండ్లు వీధికి అడ్డంగా నిలబడి ఉంటే మనుషులు వాటి కిందనుంచి దూరి పోతున్నారు. ఇక్కడి ఎండ మా ఎండలా చెమట పట్టించదు, నేరుగా మాడు మీద మొట్టుతుంది. పొద్దు వాలితే మాత్రం మే నెలలో కూడా దుప్పటి కావాలి.

స్టేషను ఎదుట హోటల్లో ఉగ్గాని తిన్నాను. మేము పిల్లలకు చిరుతిండిగా పెట్టే మరమరాల్ని వీళ్ళు నీళ్ళలో నానబెట్టి, గట్టిగా పిండేసి, తాలింపు వేసి, పైన పప్పులపొడి చల్లి పొద్దున టిఫినుగా పెడతారు. పక్కన ఒక మిరపకాయ బజ్జీ. మా గుంటూరు జిల్లావాడికి కారం గురించి చెప్పేవాడెవడని మొత్తం బజ్జీ నోట్లో పెట్టుకున్నాను. కళ్ళు తుడుచుకుంటూ లేచేసరికి హోటలాయన, "దుడ్లు ఈడ పెట్టిపో సామీ" అన్నాడు.

మా వైపు దుడ్డంటే లావుపాటి కర్ర. తిండి తినే చోటికి కర్రలు తేకూడదన్న నియమం కాబోలనుకుని, చేతిలో ఉన్న గొడుగు గల్లాపెట్టె పక్కన పెట్టి వీధిలోకి నడిచాను. ఆయన నా వెంటపడ్డాడు. ఇంతలో మా బావమరిది వచ్చి, దుడ్లంటే డబ్బులనీ, కన్నడం వైపు నుంచి వచ్చిన మాటనీ చెప్పి, అణా ఇచ్చి నన్ను విడిపించాడు. గొడుగు సంగతి ఇద్దరం మర్చిపోయాం. ఇక్కడ భాష అసలు రానివాడికి భయం లేదు బావా, సగం వచ్చినవాడితోనే చిక్కు అని అతను నవ్వాడు. ఆ మాట నాకు మర్నాడు బాగా అర్థమైంది.

పదిన్నరకు ప్లాటుఫారం చివర నిలబెట్టి చూపించాడు. ముందు చప్పుడు, తర్వాత సిగ్నలు స్తంభం పైన ఒక చుక్క. చూస్తుండగానే చుక్కకి రెక్కలొచ్చాయి. మా నెత్తిమీద నుంచి వెళ్ళిపోయినప్పుడు దాని నీడ ప్లాటుఫారం మీదుగా, నా కాళ్ళ మీదుగా పోయింది. కండువా ఊపాలని వచ్చినవాణ్ణి, చెయ్యి కూడా ఎత్తలేకపోయాను. గుండె అలా కొట్టుకోవడం నా పెళ్ళినాడు కూడా ఎరగను. ఈ మాట మా ఆవిడ చదవకుండా ఉంటే బాగుండును.

అప్పుడే వచ్చిన పాసింజరు గార్డు నన్ను చూసి జాలిపడ్డాడు. పెనుకొండ దగ్గర ఎండిపోయిన చెరువులో నిన్న ఒక విమానం దిగిందనీ, పెట్రోలులో నలక పడి ఇంజను ఆగిపోయిందనీ, నడిపినతను మంచి పెట్రోలూ మెకానిక్కూ కోసం రైల్లో బెంగుళూరు వెళ్ళాడనీ, ఎల్లుండి గాని రాడనీ చెప్పాడు. మా బావమరిదికి సెలవు లేదు. మర్నాడు పొద్దున బండికి నేనొక్కణ్ణే ఎక్కాను.

పెనుకొండ

పెనుకొండలో చూడాల్సింది కొండ, కోట, రాయలవారి గగనమహలు అని బడిలో పాఠం చెప్పినవాణ్ణే. గగనమహలు బొమ్మ వేసుకు వస్తానని మా హెడ్మాస్టరుగారికి మాట కూడా ఇచ్చాను. జట్కా ఎక్కి దాని పక్కనుంచే పోయాను, తల తిప్పలేదు. హెడ్మాస్టరుగారు క్షమించాలి.

మా వైపు కొత్తమనిషి కనబడితే ముందు ఇంటిపేరు అడుగుతారు. ఇక్కడ "యాడికప్పా పోతాండావు" అని అడుగుతారు. విమానం దగ్గరికి అంటే, అడిగినవాడు జట్కా కమ్మీ పట్టుకుని తనూ ఎక్కేస్తాడు. చెరువు చేరేసరికి మేము ఏడుగురం.

కట్ట మీద చిన్న జాతర. ఇక్కడ బొరుగులనే మరమరాలూ, బెల్లపు అచ్చులూ, మజ్జిగా అమ్ముతున్నారు. ఎవరో ముసలామె దూరం నుంచే పసుపునీళ్ళు చిలకరించి దండం పెట్టుకుంటోంది. కట్ట మీది నుంచి కిందికి చూశాను.

బీటలు వారిన నల్లటి నేల మధ్య అది నిలబడి ఉంది. మొత్తం పసుపుపచ్చ. కింద ఒక జత రెక్కలు, పైన ఒక జత, మధ్యలో సన్నటి కొయ్యలు, ఆ కొయ్యల నడుమ తీగలు. ముక్కు ఆకాశం వైపు ఎత్తి, తోక నేలకు ఆనించి ఉంది. తోక చివర ఎవరో దుప్పటి కప్పారు. నేను పిల్లలకు దిద్దినవన్నీ తప్పే. తోక నేను నేర్పినదానికంటే సన్నం, రెక్కలు ఇంకా పొడవు, మొత్తం మీద ఎంతో పలచన. ఇంత తేలికపాటి వస్తువు మనిషిని ఎక్కించుకుని పోతుందంటే, అది మనిషి ధైర్యమో పిచ్చో నాకు తేలలేదు. గాలి వీచినప్పుడల్లా తీగలు సన్నగా మోగుతున్నాయి.

తలారి ఓబులేసు

విమానం చుట్టూ కొయ్యలు పాతి తాడు కట్టారు. తాడు లోపల ముక్కు దగ్గర, నెత్తిన పెద్ద తలపాగా, చేతిలో తనంత పొడుగు కర్రతో ఒక మనిషి నిలబడ్డాడు. ఆ పల్లె తలారి ఓబులేసు. గ్రామ మునసబు అతన్ని కాపలా పెట్టాడు. తాడు దాటబోయిన వాణ్ణెవణ్ణీ అతను ఊరికే వదలడం లేదు. నా బొమ్మల పుస్తకం చూసి, నేను బడిపంతుల్నని తెలిసి, "నువ్వు రా అయ్యోరా" అని తాడు ఎత్తిపట్టాడు.

ముక్కు గీశాను. ముక్కుకి బిగించిన చెక్క పంకా మీద నా మొహం మసగ్గా కనబడింది. రెక్కలు గీశాను. తోక వైపు అడుగు వేయబోతే ఓబులేసు అడ్డం వచ్చాడు. చుట్టూ చూసి, తోక మీద కప్పిన తన దుప్పటి ఒక పక్కగా తొలగించాడు.

తోక చివర నిటారుగా నిలిచే పలక ఉంటుంది కదా, విమానాన్ని ఇటూ అటూ తిప్పేది, దాని కింది సగం లేదు. రెండు చేటలంత కన్నం. లోపలి సన్నటి బద్దలు పక్కటెముకల్లా బయటపడ్డాయి. అంచుల్లో గుడ్డ పీలికలు వేలాడుతున్నాయి. అప్పుడు తెలిసింది నాకు, విమానం రేకుతో చేసింది కాదని. గుడ్డ. కొయ్య చట్రం మీద బిగించి కుట్టిన గుడ్డ, దాని మీద మాగిన అరటిపండు వాసన వేసే ఏదో పూత.

నేను నోరు తెరిచేలోపు అతనే చెప్పాడు.

"దీన్ని నడిపే దొరది కన్నడం అయ్యోరా. ఈ పల్లెలో కన్నడం వచ్చినోణ్ణి నేనొక్కణ్ణే. వయసులో బెంగుళూరు స్టేషన్లో నాలుగు నెలలు మూటలు మోసినా. అందుకే నన్ను పెట్టినారు. దొర పోతా పోతా ఒకే మాట చెప్పినాడు, ఎత్తు హత్తిర బరబారదు అని. ఎత్తుకుపోయేదానికి ఎవరూ దగ్గరికి రాగూడదు అని గదా? నేను మాటిచ్చినా. నా ఎద్దుల్నే తెచ్చి తోకకు కట్టేసినా. రెండెద్దులు కట్టినాంక ఎవుడు లాగినా కదల్దు గదా. నేను ముందర కూచోని మనుషుల్ని చూస్తాండా. ఎనక అవి తింటాండాయి."

దూరంగా తుమ్మచెట్టు కింద రెండు ఎద్దులు నెమరు వేస్తున్నాయి. ఆ వేసవిలో గడ్డిపోచ లేదు. మాగిన పండు వాసన వేసే గుడ్డను అవి వదులుతాయా? నవ్వొచ్చింది గాని నవ్వలేకపోయాను. సర్కారు సొత్తుకు గీత పడినా తలారి పని ఊడుతుందని మునసబు ముందే చెప్పాడట. తాత నాటి నుంచీ వస్తున్న పని, దానితో పాటు ఉన్న నాలుగెకరాల మాన్యం. ఓబులేసుకి ముగ్గురు ఆడపిల్లలు. దొర రేపు మధ్యాహ్నం వస్తాడు.

అతని దగ్గర ఒక ఉపాయం ఉంది. ధర్మవరంలో దస్తగిరి సాయిబు అని, పట్టుచీరల చిరుగులు కనబడకుండా రఫూ చేసే పెద్దమనిషి. ఓబులేసు అతన్ని మామా అంటాడు. అతను కన్నం మూసేస్తే, నా పెట్టెలోని పసుపు రంగుతో నేను పూసేస్తే, దొర కనుక్కోలేడు. అయ్యోరా, నా పిల్లల కోసం ఆ ఒక్క పని చెయ్యి అన్నాడు.

సరేనన్నాను. జాలితో మాత్రమే అన్నానని రాస్తే అబద్ధం అవుతుంది. నిజమైన విమానానికి రంగు వేయడమనే ఆశ నన్ను పట్టుకుంది. దాన్ని ఎక్కి ఒక మనిషి ఆకాశంలోకి పోతాడన్న ఆలోచన నాకప్పుడు తట్టలేదు. ఓబులేసు భార్య వచ్చి కర్ర అందుకుంది, ఎద్దుల్ని ఇంటికి తోలించింది. మేమిద్దరం స్టేషనుకి నడిచాం.

ధర్మవరం

ధర్మవరం వీధుల్లో నడవాలంటే వంగి నడవాలి. వీధి ఈ చివర నుంచి ఆ చివరికి పడుగు పోగులు సాగదీసి, కుంచెలతో గంజి పట్టిస్తుంటారు. ఇంటింటా మగ్గం చప్పుడు. మా మంగళగిరి నేతలు చూసినవాణ్ణే, కానీ ఇంత పొడుగు పట్టుదారం ఎండలో మెరుస్తుంటే చూడ్డం అదే మొదలు. నా తల ఒక పడుగుకి తగలబోతే ఒకామె మాట్లాడకుండా నా మెడ పట్టుకుని వంచింది.

దస్తగిరి సాయిబు ఇంటి అరుగు మీద చాప వేసుకుని కూచుని ఉన్నాడు. అరవై దాటాయి. దూరపు చూపు పూర్తిగా పోయింది, వీధిలో వచ్చేది మనిషో బండో తెలియదు. చేతిలో ఉన్న పోగు మాత్రం చక్కగా కనబడుతుంది. మేము వెళ్ళేసరికి ఎలుక కొట్టిన చీర బాగుచేసి మడత పెడుతున్నాడు. కొట్టిన చోటు ఎక్కడో చూపించమన్నాడు నన్ను. ఎండకు పెట్టి, తిప్పి, వేలితో తడిమి, చివరికి ఓడిపోయి ఇచ్చేశాను. ఆయన ముఖంలో గర్వం లేదు, అలవాటు మాత్రమే ఉంది.

ముందు సంగటి పెట్టించాడు. పిడికిలంత రాగిముద్ద, ఊరిబిండి అనే వేరుశెనక్కాయల పచ్చడి. నేను నములుతుంటే ఇంట్లో ఆడవాళ్ళు తలుపు చాటున నవ్వారు. సంగటి నమలకూడదట, బిండిలో అద్ది మింగాలట. మూడో ముద్దకి నేర్చుకున్నాను.

ఓబులేసు కథంతా చెప్పాడు. ఆయన సూది పక్కన పెట్టాడు.

"దొర ఏమన్న్యాడు? ఆ మాట మళ్ళా చెప్పు."

"ఎత్తు హత్తిర బరబారదు."

దస్తగిరి సాయిబు చీరలు తీసుకుని ఏళ్ళ తరబడి హిందూపురం, కన్నడసీమలోని గౌరిబిదనూరు తిరిగిన మనిషి. "ఒరే ఓబులేసూ, ఎత్తంటే ఎద్దురా. ఎద్దుల్ని దగ్గరికి రానీవద్దని చెప్పిపోయినాడు" అన్నాడు.

ఓబులేసు, "స్టేషన్లో ఎత్తంటే ఎత్తడమే మామా" అని గొణిగాడు.

"ఆడ ఉండేటివి మూటలు. ఎద్దులు యాడుంటాయి? వాళ్ళకు రెండిటికీ అదే మాట."

ఎద్దులు రాకూడదని చెప్పిన చోట ఎద్దుల్ని తెచ్చి కట్టేశాడన్నమాట. ఓబులేసు తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అంత మనిషి భుజాలు ఏడుపుతో కదులుతుంటే నేను వీధి వైపు చూస్తూ కూచున్నాను. గొడుగు వదిలేసి వచ్చిన నేను అతన్ని ఏమనగలను?

తర్వాత రంగు సంగతి చెప్పాను నేను. అతుకు వేస్తే పైన పసుపు పూసేస్తానని, తేడా తెలియదని. దస్తగిరి సాయిబు నా వైపు తిరిగాడు. కోపంగా అనలేదు, అందుకే ఇప్పటికీ గుర్తొస్తే తల వాలిపోతుంది.

"నలభై ఏండ్లుగా చిరుగులు దాస్తాండా అయ్యోరా. నేను దాచిన చీర కట్టుకున్నామె నేలమింద నడుస్తాది. అతుకు ఊడితే సిగ్గు పోతాది, అంతే. విమానం నడిపేటోడు ఆకాశంలో ఉంటాడు. ఇది దాచే చిరుగు గాదు. చూడంగానే యాడుండాదో తెలియల్ల."

"తెలిస్తే నా పని పోతాది మామా" అన్నాడు ఓబులేసు.

"పోతాది. తెలియకుంటే ఆ నడిపేటోడు పోతాడు."

నేను రంగుల పెట్టె సంచి అడుక్కి తోసేశాను. దస్తగిరి సాయిబు లేచి, పక్కింటి నేతగాడి దగ్గరికి వెళ్ళి, చీర కోసం నేసి మిగిలిన పట్టు అడిగి తెచ్చాడు. ఉన్నవాటిలో గట్టిది వంకాయ రంగు. పసుపుపచ్చ మీద వంకాయ రంగు గుడ్డివాడికైనా కనబడుతుందన్నాడు. రెండు రోజులు నిలవున్న గంజి ఒక ముంతలో పోయించాడు. రేపు దొరకు నిజం చెప్పేది నువ్వే, నేను కాదు, ఈ అయ్యోరూ కాదు అని ఓబులేసుకి గట్టిగా చెప్పాడు.

మళ్ళీ చెరువులోకి

పొద్దున తొలి బండికే పెనుకొండ చేరాం. కట్ట మీద నుంచి దస్తగిరి సాయిబుకి విమానం ఆనలేదు. ఏదో పసుపు మరక ఉందన్నాడు. చెయ్యి పట్టుకుని కిందికి దింపి, రెక్క దగ్గర నిలబెట్టాం. ఆయన అరచెయ్యి రెక్క మీద పెట్టాడు. పెట్టి, కొసదాకా నడిచాడు. కింది రెక్క, పై రెక్క, పొట్ట, తోక, అన్నీ తడిమాడు. వేలిగోటితో ఒక చోట తట్టాడు. డప్పు మీద తట్టినట్టు ఠంగుమంది.

"గుడ్డ" అన్నాడు. "అంతా గుడ్డే. పడుగూ పేకా. మనం నేసేదే."

అరవయ్యేళ్ళు పోగుల మధ్య బతికిన మనిషికి, పోగులే మనిషిని ఆకాశంలోకి మోసుకుపోతున్నాయని తెలిసిన క్షణం అది. యుద్ధాలు, సైన్యాలు, బాంబులు అంటుంటే అవన్నీ ఇనుము అనుకున్నాం. నాకు కళ్ళు చెమర్చాయి. ఎందుకని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

పని మొదలుపెట్టాక మాత్రం ఆయనకు మేము లేము. పీలికలు కత్తిరించి, పట్టును రెండు మడతలు చేసి, పాత గుడ్డ అంచు కిందికి జొనిపి కుట్టాడు. ప్రతి బద్దకీ దారం చుట్టి ముడివేశాడు. ఒక్కో ముడినీ పంటితో లాగి చూశాడు. ఎండ నెత్తి మీదికి వస్తే ఓబులేసు దుప్పటి పట్టుకుని నీడ పట్టాడు. నేను నీళ్ళు అందించాను. మూడు గంటల పనిలో కన్నం మూసుకుంది. గంజి పట్టించి, ఎండకు వదిలి, ఆరాక గోటితో తట్టాడు. మెత్తగా పలికింది. మళ్ళీ గంజి, మళ్ళీ ఎండ. మూడోసారి ఠంగుమంది.

కొడగు దొర

నడిపే అతను వచ్చాడు. దొర అంటే ఎంతవాడో అనుకున్నాను, మొన్న మొన్న మీసం వచ్చిన ఇరవై రెండేళ్ళ యువకుడు, మైసూరు అవతలి కొడగు కొండలవాడు. వెంట మెకానిక్కు, పెట్రోలు డబ్బాలు. నవ్వుతూ తాడు దాటి వచ్చినవాడు తోక చూసి ఆగిపోయాడు.

ఓబులేసు కర్ర కింద పెట్టి ముందుకు వెళ్ళాడు. మేమెవరమూ తోడు వెళ్ళలేదు.

"దొరా, ఎత్తంటే ఎత్తడమనుకున్యా. ఎద్దుల్ని తోకకు కట్టింది నేనే. నావే. తిన్యాయి."

అతనికి తెలుగు అందలేదు. వచ్చీరాని ఇంగ్లీషులో నేను మొత్తం విప్పి చెప్పాను. స్టేషను, మూటలు, ఎద్దులు, అన్నీ. అతను వినడం అయ్యాక మోకాళ్ళ మీద కూచుని అతుకు చూశాడు. ఒక్కో కుట్టూ లాగాడు. పలకను ఇటూ అటూ ఊపాడు. చివరికి, ఎవరూ చెప్పకుండానే, గోటితో తట్టి చెవి పెట్టి విన్నాడు. దస్తగిరి సాయిబు ఎలా తట్టాడో అచ్చం అలాగే. మెకానిక్కు కూడా చూసి, తను తెచ్చిన గుడ్డ ఈ కన్నానికి చాలేది కాదన్నాడు.

అప్పుడు ఆ యువకుడు నేలమీద చతికిలబడి నవ్వాడు. ఆగకుండా నవ్వాడు. తర్వాత తప్పు తనదన్నాడు. తన తోటి విమానం ఒకదాన్ని ఆవులు నాకి పాడుచేయడం చూశాడట, అందుకే ఆ మాట చెప్పాడట. పరాయి ఊళ్ళో తన భాషలో చెప్పి, అర్థమైందో లేదో అడగకుండా పోవడం తన తొందర అన్నాడు. మెకానిక్కు ఇంకో డబ్బా తెరిచి వంకాయ రంగు పట్టు మీద అరటిపండు వాసన పూత రెండుసార్లు పూశాడు. పట్టు ఇంకా బిగిసింది. పసుపు కూడా పూయబోతే ఆ యువకుడు వద్దన్నాడు. ఎక్కడుందో తనకు కనబడాలన్నాడు. దస్తగిరి సాయిబుకి ఆ మాట నేను తెలుగులో చెబితే తల ఊపాడు.

మునసబుకి ఇవ్వమని ఓబులేసుకి ఒక చీటీ రాసిచ్చాడు. చదివి చెప్పమని ఓబులేసు నాకు ఇచ్చాడు. తలారి జాగ్రత్త వల్ల ఈ విమానాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు అని ఉంది. అందులో అక్షరం అబద్ధం లేదు. ఓబులేసు ఆ చీటీ తలపాగాలో పెట్టి, తలపాగా మళ్ళీ గట్టిగా చుట్టుకున్నాడు.

ఎత్తు

మెకానిక్కు ఇంజనులోని నలక తీసి, తెచ్చిన పెట్రోలు పోశాడు. ఎగరాలంటే ముక్కు గాలికి ఎదురుగా తిరగాలట. దానికి నలుగురు తోక పట్టుకుని విమానాన్ని తిప్పాలి. ఆ యువకుడు ఎక్కి కూచుని, తోక వైపు చెయ్యి చూపించి, "ఎత్తప్పా" అన్నాడు.

ఓబులేసు చటుక్కున కర్ర అందుకుని చుట్టూ చూశాడు. చెరువు ఈ కొస నుంచి ఆ కొస దాకా వెతికాడు. ఒక్క ఎద్దు లేదు. దస్తగిరి సాయిబు నవ్వు ఆపుకుంటూ అతని భుజం పట్టుకుని, "ఈ తూరి ఎత్తంటే ఎత్తడమేరా" అన్నాడు.

రెండు పగళ్ళు, రెండు రాత్రులు ఎవరూ ఎత్తకుండా కాసిన తోకను ఓబులేసు రెండు చేతులా ఎత్తాడు. నేనూ ఒక చెయ్యి వేశాను. మెకానిక్కు చెప్పిన చోట పట్టుకుని, అతుకుకి వేలు తగలకుండా, అడుగులో అడుగు వేస్తూ తిప్పాం. అంత బరువేమీ లేదు. ఓబులేసు మాత్రం కావిడి మోస్తున్న భక్తుడిలా కళ్ళు మూసుకుని నడిచాడు.

మెకానిక్కు పంకా తిప్పి, ముందు సీట్లోకి ఎక్కాడు. చెరువు దుమ్మంతా లేచింది. దుమ్ములోంచి పసుపు ముక్కు ఒకటి బయటికి వచ్చి, పరిగెత్తి, గెంతి, నేలను వదిలేసింది. ఎప్పుడు వదిలిందో నేను చూడలేకపోయాను. మొన్న హిందూపురంలో తలమీదుగా పోయినదాన్ని చూసి ఆశ్చర్యపోయాను గాని, కాళ్ళ ముందు నిలబడి ఉన్నది పైకి లేవడం వేరు. అది కొండ చుట్టూ ఒకసారి తిరిగి, పట్టాల మీదికి వచ్చి, దక్షిణంగా పోయింది.

దస్తగిరి సాయిబు చప్పుడు వచ్చిన వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. ఆయనకు ఆకాశం కనబడదు.

"నా అతుకు ఉండాదా అయ్యోరా?"

ఉందన్నాను. కాసేపాగి మళ్ళీ అడిగాడు. ఉందన్నాను. మూడోసారి అడిగేసరికి విమానం చుక్కై కొండ వెనక్కి పోయింది. అతుకు కాదు, విమానమే కనబడడం లేదు. ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. ధర్మవరం బండి ఎక్కి వెళ్ళిపోయాడు.

తిరిగి హిందూపురం

సాయంత్రం హిందూపురంలో దిగితే మా బావమరిది నా గొడుగుతో ప్లాటుఫారం మీద ఉన్నాడు. నేను నోరు తెరవకముందే మొదలుపెట్టాడు. నాలుగు గంటలప్పుడు పసుపుపచ్చ విమానం ఒకటి స్టేషను మీదుగా చాలా కిందుగా పోయిందట. బాగానే పోయిందట. కానీ దాని తోక మీద వంకాయ రంగులో ఏదో గుర్తు ఉందట. ఏ సైన్యానిది బావా ఆ గుర్తు, నువ్వు డ్రాయింగు మాస్టరువి కదా, ఎప్పుడైనా చూశావా అని అడిగాడు.

అతనికి జవాబు చెప్పకుండా స్టేషను గదిలోకి వెళ్ళి ఒక పోస్టుకార్డు అడిగి తీసుకున్నాను. ధర్మవరం, దస్తగిరి సాయిబు గారికి అని రాశాను. కింద కథంతా రాద్దామని కలం పెట్టాను గాని, ఆయన అడిగింది ఒక్కటే. ఆయన మాటలోనే రాసి డబ్బాలో వేశాను.

"ఉండాది."